మెట్ల హ్యాండ్‌రైల్ పనికి మకీటా ట్రిమ్ రూటర్: ఎంతవరకు నమ్మొచ్చు

తిన్నటి హ్యాండ్‌రైల్ ముక్కల అంచులు గుండ్రం చెయ్యడానికి, కింద గాడి తియ్యడానికి మకీటా ఆర్‌టీ 0700సీ ట్రిమ్ రూటర్ (కర్ర అంచులు తీర్చే, గాడి తీసే చిన్న చేతి మిషన్) బాగా సరిపోతుంది. మలుపు తిరుగుతూనే పైకి లేచే ముక్కలకి ఇది పనికిరాదు. ఈ తేడా తెలియక ఒకే మిషన్‌తో పనంతా లాగించబోయి మంచి కర్ర పాడుచేసుకునేవాళ్లు చాలామంది. అందుకే ఈ సమీక్షలో మిషన్ గుణదోషాలతో పాటు, దాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో కూడా చెప్పడం అవసరం.

ముందు మిషన్ సంగతి. మోటారు 710 వాట్లు. వేగం నిమిషానికి 10,000 నుంచి 30,000 చుట్లు, 1 నుంచి 6 దాకా ఉన్న డయల్‌తో మార్చుకోవచ్చు. బరువు రెండు కిలోల లోపే, ఒక చేత్తో పట్టుకునేంత సన్నటి ఒళ్లు. స్విచ్ వెయ్యగానే ఎగిరిపడకుండా మెల్లగా వేగం అందుకుంటుంది, కర్రలోకి దిగాక వేగం పడిపోకుండా ఎలక్ట్రానిక్స్ కాచుకుంటాయి. హ్యాండ్‌రైల్ పనిలో ఈ రెండో గుణమే ముఖ్యం. మూడు మీటర్ల పొడవునా ఒకే కోత పడాలంటే చుట్లు తగ్గుతూ పెరుగుతూ ఉండకూడదు. తగ్గినచోట గరుకు, పెరిగినచోట నల్లటి కాలిన మచ్చ మిగులుతాయి.

లోతు సరిచేసుకోవడానికి పక్కనే మర ఉంది, దాన్ని తిప్పితే మోటారు కొద్దికొద్దిగా పైకీ కిందికీ జరుగుతుంది. సరిపోయాక లివర్ బిగించాలి. కొన్నాళ్లు వాడాక లివర్ పూర్తిగా మూసినా మోటారు బేస్‌లో (కర్ర మీద ఆనే అడుగు చట్రంలో) జారుతుంటే మిషన్ పాడైందనుకోవద్దు. లివర్ వెనక చిన్న నట్టు ఉంటుంది, దాన్ని కాస్త బిగిస్తే పట్టు తిరిగొస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఓసారి ఈ పట్టు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మధ్యలో మోటారు అర మిల్లీమీటరు కిందికి జారితే గుండ్రటి అంచు పక్కన మెట్టులాంటి గీత పడుతుంది. దాన్ని ఉప్పు కాగితంతో తియ్యాలంటే మిగతా పొడవంతా కూడా అంతే తగ్గించాలి.

కొల్లెట్ దగ్గర, అంటే బిట్ (కోత వేసే ముక్క) కాడని బిగించి పట్టే చోట, జరిగే పొరపాటు ఇంకా ప్రమాదం. బిట్ కాడలు 6 మి.మీ., పావు అంగుళం, 8 మి.మీ. అని రకరకాలుగా దొరుకుతాయి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. అది 6 మి.మీ. కొల్లెట్‌లో దూరదు కాబట్టి గొడవ లేదు. కానీ 6 మి.మీ. కాడని పావు అంగుళం కొల్లెట్‌లో పెట్టి గట్టిగా బిగిస్తే పట్టినట్టే అనిపిస్తుంది. కర్ర తగిలాక బిట్ మెల్లగా బయటికి పాకి కోత లోతు దానంతటదే పెరిగిపోతుంది. కాడ పూర్తిగా అడుక్కి దించి, అక్కణ్నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించాలి. కొలత అనుమతిస్తే 8 మి.మీ. కాడ ఎంచుకోవడం మేలు, వణుకు తగ్గుతుంది. బిట్ లేకుండా కొల్లెట్ నట్టు బిగించకూడదు, కొల్లెట్ సొట్టపోతుంది. బిట్ మార్చేటప్పుడు ప్లగ్ పీకి ఉండాలి, స్విచ్ ఆపితే చాలదు.

ఏ కొలతలో కర్ర తీసుకోవాలి

చేతిలో ఇమడాలంటే గుండ్రటి హ్యాండ్‌రైల్ 32 నుంచి 50 మి.మీ. వ్యాసంలో ఉండాలి. గుండ్రం కాని ఆకారాలకి చుట్టుకొలత 100 నుంచి 160 మి.మీ. మధ్య ఉంటే వేళ్లు కిందిదాకా చుట్టుకుంటాయి. గోడ పక్కన బిగించేదైతే గోడకీ హ్యాండ్‌రైల్‌కీ మధ్య కనీసం 38 మి.మీ. సందు కావాలి, లేదంటే దిగేటప్పుడు వేళ్ల కణుపులు గోడకి రాసుకుంటాయి. 60 మి.మీ. వెడల్పు, 55 మి.మీ. మందం ఉన్న కర్ర చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ చెయ్యి జారితే పట్టు దొరకదు. అలాంటిదాన్ని వాడాలనుకుంటే రెండు పక్కలా వేళ్లు దూరేలా పల్లం తప్పకుండా తియ్యాలి.

ఇక్కడ లెక్కకి 45 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. మందం ఉన్న ముక్కని తీసుకుందాం. పై అంచులకి 9.5 మి.మీ. గుండ్రం, కింది అంచులకి 6 మి.మీ. గుండ్రం ఇస్తే చుట్టుకొలత సుమారు 157 మి.మీ. వస్తుంది. అంటే చేతికి సరిగ్గా అందే కొలత. 9.5 మి.మీ. రౌండ్ ఓవర్ (అంచు గుండ్రం చేసే) బిట్‌కి అడుగున, కర్ర పక్కకి ఆని దొర్లే 12.7 మి.మీ. బేరింగ్ ఉంటే బిట్ మొత్తం వెడల్పు 31.7 మి.మీ. అవుతుంది. ట్రిమ్ రూటర్‌కి ఇది దాదాపు ఆఖరి హద్దు. బిట్ బిగించాక ప్లగ్ పెట్టకముందే చేత్తో ఒక చుట్టు తిప్పి, బేస్ రంధ్రానికి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. దీనికంటే పెద్ద గుండ్రం కావాలంటే అరంగుళం కాడ పట్టే పెద్ద రూటర్ తెచ్చుకోవాల్సిందే. 710 వాట్ల మోటారు మీద అంత బరువు బిట్ పెట్టడం అన్యాయం.

గాడి ముందు, గుండ్రం తర్వాత

వరస తప్పితే ఎంత మంచి మిషనైనా కాపాడలేదు. కర్ర నలుచదరంగా ఉన్నప్పుడే కింది గాడి తియ్యాలి, కీళ్లు కోసుకోవాలి, బోల్టు రంధ్రాలు వేసుకోవాలి. ఒక్కసారి అంచులు గుండ్రమయ్యాక మూలమట్టం ఆనించడానికి గానీ, గైడ్ పట్టడానికి గానీ తిన్నటి ముఖం మిగలదు.

ఇనుప పట్టీ మీద కూర్చోబెట్టే హ్యాండ్‌రైల్ అనుకుందాం. పట్టీ 25 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం. గాడి 26 మి.మీ. వెడల్పు, ఆరు నుంచి ఆరున్నర మి.మీ. లోతు చాలు. 12 మి.మీ. స్ట్రెయిట్ బిట్ పెట్టి, ఎడ్జ్ గైడ్‌ని (కర్ర పక్కకి ఆని మిషన్‌ని తిన్నగా నడిపేదాన్ని) ఒక పక్క ఆనించి ఒక దారి తియ్యాలి. గైడ్ కొలత మార్చకుండా రెండో పక్క ఆనించి ఇంకో దారి తియ్యాలి. మధ్యలో మిగిలిన 2 మి.మీ. వెన్ను మూడోసారి పోతుంది. ఇలా చేస్తే గాడి దానంతటదే నడిమధ్యకి వస్తుంది, టేపు పట్టి కొలవక్కర్లేదు. అయితే కర్ర వెడల్పు పొడవునా ఒకేలా ఉండాలి. ఒకచోట 45, ఇంకోచోట 45.5 ఉంటే గాడి వెడల్పు కూడా అంతే తేడా చూపిస్తుంది. అందుకే రూటర్ ముట్టుకునే ముందు నాలుగు ముఖాలూ చిత్రిక పట్టి ఉండాలి.

లోతు ఒక్కసారికి 2 మి.మీ. చొప్పున మూడు సార్లలో తియ్యడం మంచిది. 3 మి.మీ. దాటితే ఈ మోటారు మూలగడం మొదలవుతుంది, గాడి గోడలు అలలుగా వస్తాయి. మిషన్‌ని మన ముందుకి తోస్తున్నప్పుడు అది ఎడమకి లాగుతుంది. కాబట్టి గైడ్ కుడి పక్కన ఉండాలి, అప్పుడు ఆ లాగుడే గైడ్‌ని కర్రకి అంటిపెట్టి ఉంచుతుంది. ఎడమ పక్క పెడితే గైడ్ కర్ర నుంచి విడిపోయి గాడి వంకరపోతుంది. ఈ మిషన్‌తో వచ్చే గైడ్ పొట్టిది. దానికి ఓ 200 మి.మీ. పొడవు చెక్క పట్టీని మరలతో బిగించుకుంటే ముక్క మొదట్లోనూ చివర్లోనూ తిరగబడకుండా ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క మరిచిపోతారు. 45 మి.మీ. కర్రలో 26 మి.మీ. గాడి పోతే రెండు పక్కలా 9.5 మి.మీ. చొప్పున గోడలు మిగులుతాయి. కింది అంచులకి కూడా పైన వాడిన 9.5 మి.మీ. బిట్టే వాడితే ఆ గోడ అడుగు కత్తి మొనలా అయిపోతుంది, బిగించేటప్పుడే పెచ్చులు ఊడుతుంది. కింద 6 మి.మీ. గుండ్రం చాలు అన్నది ఇందుకే. అప్పుడు 3.5 మి.మీ. చదును మిగిలి, పట్టీ మీద గట్టిగా కూర్చుంటుంది.

బేస్ ఊగడమే అసలు సమస్య

ఈ మిషన్ గురించి, నిజానికి ట్రిమ్ రూటర్లన్నిటి గురించీ, హ్యాండ్‌రైల్ పనిలో ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. 12.7 మి.మీ. బేరింగ్ కర్ర పక్కకి ఆనినప్పుడు బిట్ నడిమధ్య కర్ర అంచుకి 6.35 మి.మీ. బయట ఉంటుంది. అంటే బేస్‌లో సగం కంటే ఎక్కువ గాలిలోనే ఉంటుంది. వెడల్పాటి బల్ల అంచు మీదైతే మిగిలిన సగాన్ని చేత్తో అదిమి నెట్టుకురావచ్చు. 45 మి.మీ. హ్యాండ్‌రైల్ మీద ఆ అదిమే చోటు కూడా తక్కువే. అవతలి పై అంచు అప్పటికే గుండ్రమై ఉంటే ఇంకా తక్కువ. చెయ్యి అలిసిన క్షణంలో మిషన్ బయటికి వాలుతుంది, బిట్ కర్రలోకి చందమామ ఆకారంలో కొరికేస్తుంది. ఆ గుంట పూడ్చడానికి దారి లేదు.

తప్పించుకోవడం కష్టం కాదు. హ్యాండ్‌రైల్‌కి సమాంతరంగా, సరిగ్గా అంతే ఎత్తులో ఇంకో తుక్కు కర్ర బిగించాలి. బిట్ అంచు నుంచి 22 మి.మీ. బయటికి వస్తుంది కాబట్టి రెండింటి మధ్య సందు 25 మి.మీ. ఉండాలి. బేస్ రెండు పట్టాల మీద రైలులా నడుస్తుంది. అయితే ట్రిమ్ రూటర్ బేస్ చిన్నది, ఆ సందు దాటి అవతలి కర్ర మీద ఆనేది కొద్దిపాటి మేరే. అందుకని 6 మి.మీ. మందం యాక్రిలిక్ ముక్కని 250 మి.మీ. పొడవుగా కోసి, అసలు అడుగు ప్లేటు తీసేసి అదే మరలతో బిగించుకుంటే పని ఇంకా తేలిక. ఆ పొడవాటి బేస్ ఒక కొసకి చిన్న పిడి పెట్టుకుంటే ఒక చెయ్యి మోటారు మీద, రెండో చెయ్యి కర్ర మీదుండే పిడి మీద ఉంటుంది. తయారీదారు వేరుగా అమ్మే ఆఫ్‌సెట్ బేస్, టిల్ట్ బేస్ మూలల్లోకి దూరే పనులకి మంచివే గానీ, హ్యాండ్‌రైల్‌కి మాత్రం ఈ యాక్రిలిక్ ముక్కే ఎక్కువ మేలు చేస్తుంది.

మూడు మీటర్ల ముక్కని పట్టి ఉంచడం ఎలా అన్నది ఇంకో చిక్కు. క్లాంపులు దారికి అడ్డం. ప్రతి క్లాంపు దగ్గరా ఆగి మళ్లీ మొదలుపెడితే ఆ మచ్చలు వార్నిష్ పడ్డాక కూడా కనిపిస్తాయి. గాడి ఉంది కాబట్టి దాన్నే వాడుకోవాలి. ముందు కింది అంచుల గుండ్రం తీసేసి, ఆ తర్వాత 25 మి.మీ. మందం, 70 మి.మీ. ఎత్తు ఉన్న బద్దని నిలువుగా గాడిలో కూర్చోబెట్టి, బద్ద లోంచి గాడి అడుగుకి మరలు వెయ్యాలి. ఆ మర రంధ్రాలు రేపు ఇనుప పట్టీ కింద దాగిపోతాయి. బద్దని బల్లకి బిగిస్తే హ్యాండ్‌రైల్ పై భాగమంతా ఏ అడ్డూ లేకుండా చేతికి దొరుకుతుంది.

కోత వెయ్యడం

కర్ర అంచు మన వైపు ఉంటే మిషన్ ఎడమ నుంచి కుడికి నడవాలి. ఎదురు దిశలో లాగితే బిట్ చక్రంలా పరిగెత్తుతుంది, మిషన్ చేతిలోంచి గుంజుకుపోతుంది. 9.5 మి.మీ. గుండ్రాన్ని ఒకేసారి తియ్యకుండా నాలుగు దఫాలుగా తియ్యాలి: మొదటి మూడు దఫాలు మూడేసి మి.మీ., ఆఖరిది అర మి.మీ. కంటే ఎక్కువ కాకుండా. ఆఖరి దఫా మధ్యలో ఎక్కడా ఆగకూడదు. మీటరు దూరానికి 20 నుంచి 25 సెకన్లు పడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. కింద రాలేది చూస్తే కూడా తెలుస్తుంది. సన్నటి పొట్టు రాలుతుంటే మంచిది. పిండిలాంటి పొడి రాలుతుంటే మిషన్ మరీ నెమ్మదిగా నడుస్తోంది, లేదా బిట్ మొద్దుబారింది.

కాలిన మచ్చలకి కారణం ఎక్కువసార్లు వేగం కాదు, ఆగడం. ఒక్క క్షణం ఆగినా బేరింగ్ దగ్గర గోధుమ రంగు గీత పడుతుంది. పెద్ద బిట్‌కి డయల్ మధ్యలో ఉంచి, 6 మి.మీ. బిట్‌కి పైకి పెంచుకోవాలి. బిట్ మీద జిగురు పేరుకుంటే కూడా కాలుతుంది. గిన్నెలు కడిగే సబ్బునీళ్లలో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది, కానీ బేరింగ్ ముందే ఊడదీసి పక్కన పెట్టాలి. బేరింగ్ బిగుసుకుపోయి తిరగకపోతే అది కర్ర పక్కని నొక్కి కాల్చేస్తుంది. ప్రతి దఫాకీ ముందు గోటితో తిప్పి చూడటం మంచిది.

టేకులో సిలికా ఉంటుంది, మామూలు స్టీలు బిట్ల పదును త్వరగా పోతుంది. కార్బైడ్ బిట్లు తప్ప వాడకూడదు. నార అడ్డదిడ్డంగా తిరిగే కర్రల్లో ఎంత జాగ్రత్తగా వెళ్లినా కొన్నిచోట్ల పేడు లేస్తుంది. అలాంటి చోట ఆఖరి అర మి.మీ. దఫాని మాత్రం ఉల్టా దిశలో, రెండు చేతులా గట్టిగా పట్టి వెయ్యొచ్చు. అంతకంటే లోతుగా ఉల్టా వెళ్లడం వద్దు. ముక్క కొసల దగ్గర బిట్ బయటికి వచ్చేచోట పెచ్చు ఊడుతుంది. అక్కడ తుక్కు ముక్కని ఆనించి బిగిస్తే ఊడేది అదే.

పూర్తి గుండ్రటి రైల్ కావాలంటే రూటర్‌ని మొదట ముట్టుకోవద్దు. 45 మి.మీ. చదరాన్ని ఎనిమిది పలకలు చెయ్యాలి. ప్రతి మూల నుంచి రెండు వైపులా 13.2 మి.మీ. దగ్గర గీత గీసి (భుజాన్ని 0.293తో హెచ్చిస్తే వచ్చేది అదే) ఆ గీతల దాకా మూలలు తీసేస్తే ఎనిమిది పలకలూ సమానంగా 18.6 మి.మీ. వస్తాయి. మూల నుంచి తియ్యాల్సిన లోతు 9.3 మి.మీ. ఎలక్ట్రిక్ ప్లేనర్ ముందు అడుగులో ఆంగ్ల వీ అక్షరంలాంటి గాడి ఉంటుంది, అది మూల మీద కూర్చుంటుంది. ఒకటిన్నర మి.మీ. లోతుతో ఆరు దఫాలు లాగితే గీత దగ్గరికి వస్తుంది. మిగిలింది చేతి చిత్రికతో. తర్వాత పదహారు పలకలు, ఆపైన ఉప్పు కాగితం. రౌండ్ ఓవర్ బిట్‌తో పైనా కిందా సగం సగం గుండ్రం తీద్దామనుకుంటే రెండోసారి బేరింగ్ ఆనడానికి చదునే మిగలదు, బిట్ లోపలికి దూసుకుపోతుంది. ఆ పద్ధతే కావాలంటే పక్కన కనీసం 2 మి.మీ. చదును వదిలి, దాన్ని చివర్లో రుద్ది కలపాలి.

మలుపు ముక్కలు

నేలకి సమాంతరంగా తిరిగే మలుపైతే రూటర్ పనికొస్తుంది. 9 మి.మీ. ఎం‌డీఎఫ్‌తో (నొక్కిన చెక్కపొడి పలకతో) అచ్చు కోసుకుని బేరింగ్‌ని దానిమీద నడపవచ్చు. తిరుగుతూ పైకి లేచే ముక్క మీద మాత్రం బేస్‌కి చదునైన చోటే ఉండదు, ప్రతి అంగుళానికీ వాలు మారుతుంది. అక్కడ యాంగిల్ గ్రైండర్ తియ్యాలి. ముందు కార్బైడ్ పళ్ల షేపింగ్ డిస్క్‌తో మోటు పని, గీతకి 2 మి.మీ. దూరంలో ఆపాలి. తర్వాత 60 గ్రిట్ (గరుకుదనం అంకె) ఫ్లాప్ డిస్క్, ఆపైన మోటు ఆకురాయి. డిస్క్ మీద రాసిన చుట్ల హద్దు గ్రైండర్ వేగానికి తక్కువ కాకూడదు. గార్డు, పక్క పిడి ఊడదియ్యకూడదు. చైన్ రంపం పళ్లున్న డిస్కులు ఈ పనికి తేనే కూడదు, అవి కర్రలో పట్టుకుంటే గ్రైండర్ మనిషి మీదికి తిరగబడుతుంది.

తిన్నటి ముక్క కొసని కాగితం అట్ట మీద పెట్టి గీసి, ఆ ఆకారాన్ని సగానికి కోసుకుంటే కొలబద్ద తయారు. మలుపు పొడవునా ప్రతి 50 మి.మీ.కి దాన్ని ఆనించి, వెలుతురు ఎక్కడ కనిపిస్తే దాని పక్కన తగ్గించుకుంటూ పోవాలి. మలుపు ముక్కనీ తిన్నటి ముక్కనీ విడివిడిగా పూర్తి చేసి తర్వాత కలపడం చాలా తప్పు. కీలుకి అటూ ఇటూ 100 మి.మీ. మేర మోటుగానే వదిలెయ్యాలి. రైల్ బోల్టు (రెండు ముక్కల కొసల్ని లోపల్నుంచి కలిపే బోల్టు) బిగించి, జిగురు ఆరాక రెండింటినీ ఒకే ముక్కగా తీర్చాలి. టేకు నూనె కర్ర కాబట్టి జిగురు రాసే ముందు కీలు ముఖాలని అసిటోన్ గుడ్డతో తుడవాలి, లేదంటే కీలు విడిపోతుంది.

రుద్దడంలో 80, 120, 180 గ్రిట్ల వరస చాలు. గుండ్రటి అంచుల మీద గట్టి ప్యాడ్ ఉన్న ఆర్బిటల్ సాండర్ పెడితే పలకలు పడతాయి. 10 మి.మీ. మెత్తటి నురుగు ప్యాడ్ వేసుకోవాలి, లేదా గుడ్డ వీపున్న సాండింగ్ పట్టీని రెండు చేతులా పట్టి బూట్లు తుడిచినట్టు లాగాలి. ముందు ఏటవాలుగా, చివర్లో నార వెంట. తడిగుడ్డతో ఓసారి తుడిచి ఆరనిస్తే పీచు లేస్తుంది, దాన్ని 180తో కోసేస్తే వార్నిష్ తర్వాత గరుకు రాదు. రూటర్‌కీ సాండర్‌కీ దుమ్ము గొట్టం పెట్టినా ముక్కుకి మాస్కు, కళ్లకి అద్దాలు, చెవులకి మఫ్‌లు ఉండాల్సిందే. ఈ మిషన్ కూత ఇరవై నిమిషాలకే చెవుల్లో గింగురుమంటుంది.

రుద్దడం ఎక్కడ ఆపాలో కన్ను చెప్పదు. దీపం పక్కన పెట్టి వాలు వెలుతురులో గీతలు వెతికాక, కళ్లు మూసుకుని మెట్లు దిగుతున్న వేగంతో అరచేతిని పైకొస నుంచి కింది కొస దాకా జార్చాలి. చెయ్యి తట్టుకున్నచోట పెన్సిల్ గీత పెట్టి, అక్కడే మళ్లీ 120తో మొదలుపెట్టాలి.